ముప్పై ఏడు ఎలా ఉంది?

ఆ బుధవారం ఉదయం గడ్డం గీసుకుంటూ వరస గుమాస్తా ఒక తప్పు చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. పెద్ద తప్పేమీ కాదు. పది గంటలకు ఒక ఏజెంటుకు ఫోన్ చేసి, ఒక ఓడ గురించి ఒక్క మాట అడగాలి. పదీ ఐదుకల్లా అడిగిన సంగతి మరిచిపోవాలి. సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో "అడిగాను" అనాలి. నిజంగానే అడిగి ఉంటాడు కాబట్టి అబద్ధం చెప్పిన పాపం కూడా ఉండదు. అద్దంలోకి చూసుకుంటే, నురగ ఉన్న చెంప కాస్త ధైర్యంగా కనిపించింది. గీసిన చెంప ఎప్పటిలాగే ఉంది.

ఆ రేవులో ఒకేసారి మూడు ఓడలు మాత్రమే సరుకు దించుకోగలవు. బయట సముద్రంలో లంగరు వేసుకుని ఆ చోటు కోసం కాచుకున్నవి నలభై ఒకటి. ఏది ముందు, ఏది వెనక అన్న జాబితా రాసేది ఆయనే. వచ్చిన వరసే వెళ్లే వరస. పంతొమ్మిదేళ్లలో ఒక్క ఓడనైనా ఒక్క మెట్టు పైకి జరిపి ఎరగడు. పని పడ్డ ఏజెంట్లు "బావగారూ" అంటూ వస్తే, "వరసలు కలపకండి, వరసలో ఉండండి" అనేవాడు. ఆయనకు వచ్చిన హాస్యం అదొక్కటే.

ఏ ఓడ గురించీ ఎవరినీ ఏమీ అడగకపోవడం ఆయన పెట్టుకున్న ఇంకో నియమం. వాళ్ళు చెబుతారు, ఈయన రాసుకుంటాడు. అడిగితే ఆసక్తి ఉన్నట్టు. ఆసక్తి ఉంటే పక్షపాతం వీధి మలుపు దాకా వచ్చేసినట్టే. అయితే తనది నిజాయితీయా, వట్టి పిరికితనమా అన్న అనుమానం ఆయన్ని అప్పుడప్పుడూ పీడించేది. రెంటికీ కలిపి ఒకటే చొక్కా ఉన్నట్టూ, పొద్దున్నే ఎవరు ముందు లేస్తే వాళ్ళు తొడుక్కుని ఆఫీసుకు వస్తున్నట్టూ తోచేది.

ఆయన భార్య పదకొండేళ్లుగా ఇంకొకరి బేకరీలో పిండి పిసుకుతోంది. ఇన్నాళ్లకు వీధి చివర ఒక గది దొరికింది. గది ఇచ్చినాయన షరతు ఒక్కటే. వచ్చే సోమవారం, ఒకటో తారీఖున, షట్టర్ ఎత్తి వ్యాపారం మొదలుపెట్టాలి. లేకపోతే ఆ గది చెప్పుల షాపతనికి పోతుంది. గోడకు అరలు బిగించారు. గాజు బీరువా వచ్చింది. పైన బోర్డు కూడా ఎక్కింది. లేనిదల్లా ఓవెన్. అది ఓడలో వస్తోంది. ఓడ వచ్చి బయట నిలబడింది. జాబితాలో దాని సంఖ్య ముప్పై ఏడు. రోజుకు మూడు చొప్పున ముందున్న ముప్పై ఆరూ కదలాలంటే పన్నెండు రోజులు. సోమవారానికి ఉన్నవి ఐదు.

"ఊళ్ళో ఓడలన్నిటికీ వరస రాసే మనిషి మా ఆయన. నా ఓవెన్‌ది ముప్పై ఏడో నంబరు. చెప్పుకుంటే నవ్విపోతారు" అంది ఆవిడ టీ గ్లాసు ముందు పెడుతూ.

"అందులో మన ఓవెన్ ఉందని ఓడకి తెలీదుగా."

"ఓడకి తెలీదు. మీకు తెలుసుగా?"

"తెలుసు కాబట్టే ముట్టుకోకూడదు."

"ముట్టుకోమన్నానా? అడగమన్నాను. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే మీ నిజాయితీకి జలుబు చేస్తుందా?"

గడ్డం గీసుకోవడానికి ముందు జరిగిన సంభాషణ అది.

పది గంటల రెండు నిమిషాలకు ఆయన ఫోన్ ఎత్తాడు. పక్క బల్ల దగ్గర చెవులకు డిప్పలు తగిలించుకుని వైర్‌లెస్ అమ్మాయి ఓడలతో మాట్లాడుతోంది. వినదులే అనుకున్నాడు. ముప్పై ఏడో ఓడ ఏజెంటును రేవులో అందరూ వాసన ఏజెంటు అంటారు. వాన పడబోతోందన్నా, అధికారి మారబోతున్నాడన్నా అందరికంటే ముందు అతని ముక్కుకే తెలుస్తుంది.

"నేనండీ. ముప్పై ఏడు... ఎలా ఉంది?"

అవతల ఏజెంటు కుర్చీ జరుపుకున్న చప్పుడైంది.

"ఎలా ఉండటమేమిటండీ? బానే ఉంది."

గుమాస్తాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. దగ్గాడు. "సరే" అని పెట్టేశాడు. పన్ను పీకించుకున్నవాడిలా తేలికపడి, నీళ్లు తాగి, అడిగిన సంగతి మరిచిపోయే పనిలో పడ్డాడు.

అక్కడ వాసన ఏజెంటు ఫోన్‌ను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఎవరి ఓడ మునిగినా ఊఁ అనని మనిషి. ఆయన ఫోన్ చేశాడు. ఎలా ఉంది అన్నాడు. అని ఊరుకోక, దగ్గాడు. ఫోన్లో చెప్పరాని మాటను మర్యాదస్తుడు దగ్గు రూపంలో కాక మరెలా చెబుతాడు? క్షణం ఆలస్యం చెయ్యకుండా తన ఓడ కెప్టెన్‌కు కబురు పంపాడు. "ఇంజను వేడి చేసి సిద్ధంగా ఉండండి. మూడో కంటికి తెలియకూడదు."

కెప్టెన్ ఆ మాట మూడో కంటికి తెలియనివ్వలేదు. చెవుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి, దారి చూపే పడవ ఎన్ని గంటలకు వస్తుందని వైర్‌లెస్‌లో అడిగాడు. ఆ వైర్‌లెస్‌ను బయట నిలబడ్డ నలభై ఒక్క ఓడలూ వింటాయి. వారాల తరబడి కదలకుండా కూర్చున్నవాళ్లకు అంతకంటే కాలక్షేపం లేదు.

"సార్, ముప్పై ఏడు పడవ అడుగుతోంది" అంది వైర్‌లెస్ అమ్మాయి.

గుమాస్తా గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఎందుకు?"

"లోపలికి రమ్మన్నారట."

"ఎవరు?"

"అదే నేనూ అడుగుతున్నా సార్. మీరు రాయకుండా ఎవరు రమ్మంటారు?"

"పొరపాటై ఉంటుంది. లేదని చెప్పు" అన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన లోపల గుమ్మడికాయల దొంగ ఒకడు అప్పటికే భుజాలు తడుముకుంటున్నాడు. "కాస్త మెల్లిగా చెప్పు. అందరికీ వినిపించేలా కాదు" అన్నాడు.

వైర్‌లెస్‌లో మెల్లిగా చెప్పడానికి దారి లేదు. గొంతు తగ్గించడం ఒక్కటే ఉంది. ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. నలభై ఓడలు గొంతు తగ్గిన సంగతి విన్నాయి, మాట వినలేదు.

ముప్పై ఆరో ఓడ అందరికంటే ముందు ఉడుక్కుంది. వెనకవాడు తనను దాటిపోవడానికి పొగ వదులుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడానికి అదేమంత లోకువ కాదు. లంగరు ఎత్తి వాడి ముందుకు జరిగి అడ్డంగా నిలబడింది. ముప్పై ఐదు దాన్ని చూసింది. ముప్పై నాలుగు ముప్పై ఐదును చూసింది. ఇక్కడ ఆఫీసులో ఫోన్లు మోగసాగాయి.

"ఏదో జరుగుతోందటగా?" అన్నాడు ఒక ఏజెంటు.

"నాకేం తెలీదండీ" అన్నాడు గుమాస్తా.

ఆయన నోట ఎవరూ ఎన్నడూ వినని మాట అది. రేవు బయట ఏ ఓడ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి తెలీదంటున్నాడంటే, విషయం చాలా పైనుంచి వచ్చిందన్నమాట. ఫోన్ చేసిన పద్నాలుగు మందికీ ఆయన నిజమే చెప్పాడు. పద్నాలుగు మందీ తమ తమ ఓడలకు ఇంజన్లు వేడి చేసుకోమని చెప్పారు. ఒకతను రేవులో కొత్తగా ఇంకో చోటు తెరుస్తున్నారన్నాడు. ఇంకొకతను ఉన్న మూడింటిలో ఒకటి మూసేస్తున్నారన్నాడు. రెండు వార్తలకూ చెయ్యవలసిన పని ఒక్కటే అయింది, లంగరు ఎత్తడం.

పదకొండింటికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమండీ" అంది భార్య. ఆ పిలుపులో ఏదో కొత్తగా ఉంది. "ఆ ఏజెంటుగారు ఇంటికి ఫోన్ చేశారు. ఓడ ఇవాళే లోపలికొస్తోందట. సామాను తెచ్చుకోడానికి లారీ చూసుకోమన్నారు. మీరింత పని చేస్తారని నేను కల్లో కూడా అనుకోలేదు."

ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు గుమాస్తా. నేనేమీ చెయ్యలేదు, అంతా గందరగోళం అని ఒక్క ముక్క చెబితే చాలు. కానీ పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ గొంతు ఆయన కోసం అంత మెత్తగా కావడం అదే మొదలు. వెచ్చటి గదిలోకి పొరపాటున వచ్చినవాడు, పొరపాటని తెలిసీ, ఒక్క నిమిషం కూర్చుని పోదామనుకుంటాడు. ఆయనకూ అలాగే అయింది.

"ఊఁ" అన్నాడు.

"లారీ మాట్లాడేశాను. గది ఆయనకి కూడా చెప్పేశాను, సోమవారం ఖాయమని. చెప్పుల షాపతనికి ఇక రావొద్దని చెప్పమన్నాను."

"ఊఁ."

ఫోన్ పెట్టేసరికి కిటికీలోంచి మొదటి కూత వినిపించింది. వెంటనే రెండోది. తర్వాత లెక్క తప్పింది. సిగ్నల్ పాడైన నాలుగు రోడ్ల కూడలిలో లారీలన్నీ ఒక్కసారి ముందుకు ఉరికితే ఎలా ఉంటుందో, సముద్రం అలా ఉంది. ఎవరికి వారు తమ చోటు పోకుండా ఇంకొకరి చోటులోకి జరుగుతున్నారు. పన్నెండో ఓడా పంతొమ్మిదో ఓడా ముద్దు పెట్టుకోవడానికి మూడు మూరల దూరంలో ఆగి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. ఒకటో ఓడకు ముందు ఎవరూ లేరు. మధ్యాహ్నం దానికే పిలుపు. అదీ లంగరు ఎత్తేసింది. కారణం ఏమిటని వైర్‌లెస్ అమ్మాయి అడిగితే, "ఎందుకైనా మంచిదని" అన్నారట.

పదకొండున్నరకు రేవు అధికారి వచ్చాడు. ఒకప్పుడు ఓడలు నడిపిన మనిషి. తలుపు తియ్యడానికి చేతిని వాడే అలవాటు లేదు, భుజంతో తోస్తాడు.

"ఏమిటయ్యా ఆ తిరనాళ్ళు? ఎవరు కదలమన్నారు వీళ్లని?"

"ఎవరూ కదలమనలేదు సార్" అంది వైర్‌లెస్ అమ్మాయి. "ఒకళ్ళని చూసి ఒకళ్ళు."

"నిప్పు లేకుండానే నలభై పొగలొస్తాయా? అనుమతి లేకుండా లంగరు ఎత్తిన ఓడని ఏం చెయ్యాలి? నియమం చదవండి."

గుమాస్తా నియమాల పుస్తకం తీశాడు. ఏ పేజీయో వెతుక్కోనక్కర్లేదు. పదకొండో నియమం. అనుమతి లేకుండా లంగరు ఎత్తిన ఓడ తన సంఖ్యను పోగొట్టుకుని, కదలకుండా ఉన్న ఓడలన్నిటి వెనకకు పోవాలి. చదవబోతుండగా అమ్మాయి అడ్డొచ్చింది.

"సార్, కదలకుండా ఒక ఓడ ఉంది. పొద్దుటి నుంచీ కదలాలనే చూస్తోంది గానీ, లంగరు ఎత్తే యంత్రం బిగుసుకుపోయిందట. ముందు ఇంజను వేడి చేసింది కూడా అదే. ముప్పై ఏడు."

గుమాస్తా పుస్తకం మూసేశాడు.

"చదవవేం?"

"నేను చదవకూడదు సార్."

"కళ్ళజోడు మరిచిపోయావా?"

"లేదు సార్. ఆ నియమంలో మా ఆవిడ ఓవెన్ ఉంది."

అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గుమాస్తా నిలబడే అంతా చెప్పేశాడు. బేకరీ, సోమవారం, చెప్పుల షాపు, ఫోన్. చెబుతున్నంతసేపూ ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఇన్నేళ్లకు తను ఒకరి ముందు నేరస్థుడిగా నిలబడగలిగాడన్న వింత ఉపశమనమే ఎక్కువగా ఉంది.

"ఏజెంటుతో ఏమన్నావు?"

"ముప్పై ఏడు ఎలా ఉంది అన్నాను సార్."

"ఇంకా?"

"దగ్గాను."

"దగ్గి?"

"సరే అన్నాను."

అధికారి పుస్తకం తనే లాక్కుని మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. "అడగకూడదని ఎక్కడా లేదు. దగ్గు సంగతి అసలే లేదు" అన్నాడు. "నియమం నియమమే. కదలనిది ఒక్కటే. అది ఒకటో నంబరు. మిగతా నలభై దాని వెనక, పాత వరసలోనే. రాయి."

"కానీ సార్, అది కదలడానికి వీల్లేదు కదా? లంగరు రావట్లేదు."

"గొలుసు కోసెయ్యమను. కోసిన చోట ఒక ఖాళీ డ్రమ్ము కట్టి వదిలేస్తే, లంగరు తర్వాత వెతుక్కోవచ్చు. దాన్ని లోపలికి లాగెయ్యండి, ముందీ ముడి విడిపోవాలి."

గుమాస్తా రాశాడు. ఆయన చేతిరాతలో ముప్పై ఏడో ఓడ ఒకటో ఓడ అయింది. ఒకటో ఓడ రెండోదయింది, ముప్పై ఆరో ఓడ ముప్పై ఏడోదయింది. వాటి పాపానికి అవి తలా ఒక మెట్టు దిగాయి. ముప్పై ఎనిమిది నుంచి అన్నీ ఎక్కడివక్కడే మిగిలాయి. ఉదయం నుంచి అంత రొద చేసి చివరికి మారింది ఇంతే.

గురువారం ఓడ లోపలికొచ్చింది. శనివారం ఓవెన్ గదిలోకొచ్చింది. ఈ రెంటికీ మధ్య, చూస్తుండగానే గోరంత కొండంతయింది. గుమాస్తా తలుచుకుంటే నలభై ఓడల్ని ఒక్క పూటలో పక్కకు తప్పించగలడని రేవంతా చెప్పుకుంది. ఆయన ఆ మాట ఖండించడానికి స్వయంగా వాసన ఏజెంటు దగ్గరికి వెళ్లాడు.

"నేనేమీ చెయ్యలేదండీ."

"అదేగా మీ గొప్ప. ఏమీ చెయ్యకుండానే చేశారు. కాగితం మీద చుక్క లేదు. మేమూ ఉన్నాం ఎందుకు, పది మందికి పది రకాలుగా చెప్పి ఒక్క పనీ చేసుకోలేం."

ఇంట్లోనూ చెప్పి చూశాడు. ఆదివారం పొద్దున టీ తాగుతూ, యంత్రం బిగుసుకుపోవడం దగ్గర్నుంచి పదకొండో నియమం దాకా పూసగుచ్చినట్టు వివరించాడు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది.

"మీకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు. నాకు తెలీదా?" అంది. ఇంకో చెంచా చక్కెర వేసింది.

ఆ చూపు తన మీద కాదని ఆయనకు తెలుసు. తన ముఖం తగిలించుకుని తిరుగుతున్న మరెవరో ఘనుడి మీద. ఆ ఘనుడంటే ఆయనకు అసూయ కలిగింది. అయినా అతనికి వచ్చిన టీ తనే తాగాడు.

సోమవారం ఉదయం షట్టర్ ఎత్తారు. కథ విన్నవాళ్లు ఓవెన్ చూడటానికొచ్చారు, చూసినవాళ్లు వాసన పట్టుకుని నిలబడిపోయారు. తొమ్మిదింటికి లైను వీధి మలుపు తిరిగింది. రేవు అధికారి కూడా అందులో ఉన్నాడు, పదిహేనోవాడుగా. ఇంకా వెనకున్న వాసన ఏజెంటు గుమాస్తాను చూసి, ముందుకు పంపమని కళ్ళతోనే బతిమాలాడు. గుమాస్తా కళ్ళు తిప్పుకున్నాడు.

"ఏమండీ, కాస్త ఆ లైను చూడండి" అని లోపలి నుంచి భార్య కేకేసింది. "మీకు చేతనైన పనేగా."

ఆయన చీటీల మీద అంకెలు రాసి ఇస్తూ లైను చివరిదాకా వెళ్లాడు. చివర ఉప్పు మరకల చొక్కాతో ఒక మనిషి, రెండు ఖాళీ గోనె సంచులు పట్టుకుని, గడియారం చూసుకుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపు పడుతుందండీ?"

"గంటన్నర."

"అయిపోయింది. పదింటికి మా పడవ వెళ్లిపోతుంది. బయట ఓడలో వంటవాణ్ణండీ నేను. ఇరవై రెండు మంది పద్దెనిమిది రోజులుగా డబ్బాల్లో బిస్కెట్లు నముల్తున్నారు. తాజా రొట్టె తెస్తానని మాటిచ్చి దిగాను."

"ఏ ఓడ?"

"బుధవారం దాకా ముప్పై ఆరో నంబరండీ. పక్క ఓడ పొగ వదిలిందని మా కెప్టెన్ ఉడుక్కుని కదిలాడు, వెనక్కి నెట్టేశారు. ఎవడో గుమాస్తా పెళ్ళాం ఓవెన్ కోసమట. అంత చెయ్యి తిరిగినవాడు మనకెక్కడ దొరుకుతాడు చెప్పండి?"

గుమాస్తా అతని చేతిలోని చీటీ వెనక్కి తీసుకున్నాడు. దాని మీద యాభై ఎనిమిది అని తన చేతిరాతే ఉంది. ముందున్న యాభై ఏడు వీపుల వైపు ఒకసారి చూశాడు. ఇవాళ ముందు లేచి తన చొక్కా తొడుక్కున్నది ఎవరో, పిరికివాడో మరొకడో, ఆ క్షణంలో ఆయనకు ఆలోచించబుద్ధి కాలేదు. "ఇటు రండి" అని అతన్ని పక్క సందులోంచి వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్లి, రెండు సంచులూ తనే నింపి, మెడ చాచి సందు బయట ఎవరూ లేరని చూసి పంపేశాడు. యాభై ఎనిమిదో చీటీని మడిచి జేబులో దాచుకున్నాడు.

సాయంత్రం భార్యా తనూ షట్టర్ దించుతుంటే ఇక దాచుకోలేక చెప్పేశాడు.

"ఇవాళ ఒకణ్ణి వరస తప్పించి ముందు పంపాను."

"ఊరుకోండి" అంది ఆవిడ తాళం వేస్తూ. "అంత చిన్న పనులు మీరు చెయ్యరు."